అలారం కీప్యాడ్‌లో 2, 5, 8, 0 పలకట్లేదు, కరెంట్ పోతే కూత... కీప్యాడే పోయిందంటారా?

మైపాడురోడ్డు:
ఎవరికన్నా ఈ దొంగల అలారం సంగతి తెలిస్తే కాస్త చెప్పండయ్యా. నెల్లూరులో మైపాడు రోడ్డు వైపు మా ఇల్లు, అమ్మ ఒక్కతే ఉంటది, నేను చెన్నైలో ఉద్యోగం, సెలవులకి వస్తా పోతా ఉంటా. నాయన ఉన్నప్పుడు పెట్టించిన వైరు సిస్టం ఇది, తలుపులకి మాగ్నెట్లు, హాల్లో మోషన్ సెన్సారు, బయట సైరను, వాకిలి పక్కన గోడకి కీప్యాడు, ప్యానెల్ పెట్టె బ్యాటరీ అటక మీద ఉండాయి. ఇన్నేళ్ళూ ఏ పేచీ లేదు. ఈ కార్తీకం వానలు మొదలైన కాడ్నుంచి కరెంట్ పోయిందంటే చాలు కీప్యాడ్ కుయ్ కుయ్ మని కూస్తా ఉండాది, పసుపు లైటు ఒకటి వెలుగుతా ఉంటది, డిస్‌ప్లే ఒక్కోసారి మసకేసి మళ్ళా వస్తది. అది చాలదన్నట్టు నడిమి వరస బటన్లు అంటే 2, 5, 8, 0 నొక్కితే ఒకసారి పలుకుద్ది నాలుగుసార్లు పలకదు, మిగతావి బానే ఉండాయి. అమ్మ పాలోడు వచ్చేసరికి అలారం ఆపలేక మొన్న తెల్లారుజామున వీధి మొత్తం లేపింది.

పెట్టినాయన్ని పిలిస్తే వచ్చి దూరం నుంచే చూసి "కీప్యాడ్ పోయింది, ఆ మోడల్ ఇప్పుడు రావట్లేదు, సెట్టు మొత్తం మార్చాల, 28 వేలు అవుద్ది" అన్నాడు. స్క్రూ కూడా విప్పలా మహానుభావుడు. నిజంగా కీప్యాడే పోయిందా? నా దగ్గర మామూలు మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు.

కావలి_వైర్‌మ్యాన్:
తమ్ముడూ ముందు ఆ 28 వేలు జేబులోనే పెట్టుకో. మీటర్ పెట్టకుండా కీప్యాడ్ పోయిందని చెప్పేవాడి మాట నేను వినను, నేను ఈ పనే చేస్తా కాబట్టి చెప్తున్నా.

నువ్వు చెప్పినవి రెండు వేరు వేరు జబ్బులు, కలిపి చూడబాక. కరెంట్ పోతే కూయడం, పసుపు లైటు, డిస్‌ప్లే మసక, ఇవన్నీ వోల్టేజ్ సంగతి. ప్యానెల్‌లో 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ ఉంటది, చిన్న యూపీఎస్‌లలో వేసేదే, మూడు నుంచి ఐదేళ్ళు అంతే దాని ఆయుష్షు, మన ఎండలకి అటక మీద పెడితే ఇంకా తక్కువ. నాయన పెట్టించినప్పటి బ్యాటరీయే అయితే అది ఎప్పుడో చచ్చిపోయుంటది, కరెంట్ ఉన్నన్నాళ్ళు తెలియదు. బటన్ల సంగతి తర్వాత చూద్దాం.

కీప్యాడ్ అంటే గోడకున్న కాలింగ్ బెల్ బటన్ లాంటిదే, బుర్ర అంతా అటక మీద ప్యానెల్‌లో ఉంటది. రెండిటి మధ్య నాలుగు వైర్లు, మామూలుగా ఎరుపు ప్లస్సు, నలుపు గ్రౌండు, పచ్చ పసుపు రెండూ డేటా. కొందరు చేతికొచ్చిన రంగు వైరు వేస్తారు అందుకని రంగు నమ్మబాక, టెర్మినల్ మీద రాసింది చూడు. ఇప్పుడు చేయాల్సింది ఏందంటే ప్యానెల్ కాడ కీప్యాడ్ ప్లస్సు మైనస్సు మధ్య డీసీ వోల్టులు చూడు, కరెంట్ ఉన్నప్పుడు 13.5 నుంచి 13.8 దాకా ఉండాల. అట్నే కీప్యాడ్ వెనక టెర్మినల్స్ కాడ చూడు, అక్కడ అర వోల్టు తగ్గినా పర్లేదు. తర్వాత అలారం పెట్టెకి వచ్చే కరెంట్ స్విచ్ (ఎంసీబీ) ఆపి పది నిమిషాలాగి మళ్ళా రెండు చోట్లా చూడు. ఈ నాలుగు అంకెలు ఇక్కడ పెట్టు, మిగతాది నేను చెప్తా.

జాగ్రత్త ఒకటి, కీప్యాడ్ వెనక చిన్న స్ప్రింగు బటన్ ఉంటది టాంపర్ స్విచ్ అని, గోడ నుంచి ఊడదీయంగానే సైరన్ మోగుద్ది. పక్కింటోళ్ళకి చెప్పి మొదలుపెట్టు. ప్యానెల్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాడ 230 వోల్టులు ఉంటయి, అటు వేలు పెట్టబాక.

శనగలబస్తా:
ఎందుకన్నా ఇదంతా, పీకి అవతల పారేసి ఒక కుక్కని పెంచుకో. లేదంటే పోలీసోళ్ళ ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉందిగా, రిక్వెస్ట్ పెడితే వచ్చి కెమెరా పెట్టి పోతారు, పైసా తీసుకోరు.

మైపాడురోడ్డు:
@శనగలబస్తా అది తాళం వేసి ఊరెళ్ళే ఇళ్ళకి బాస్, మా అమ్మ ఇంట్లోనే ఉంటది. కుక్క సంగతి అమ్మనే అడిగా, "నీకు అన్నం పెట్టిందే చాల్లే" అనింది.

ఒంగోలు_పాతరేడియో:
కావలి ఆయన వోల్టేజ్ గురించి చెప్పింది సబబే గానీ బటన్ల సంగతి తర్వాత అని పక్కన పెట్టాడు, నాకు అసలు ఆసక్తి అక్కడే ఉంది. 2, 5, 8, 0 అని రాశావు చూడు, అది కీప్యాడ్‌లో సరిగ్గా నడిమి నిలువు వరస. కీప్యాడ్‌లో బటన్‌కో వైరు ఉండదు బాబూ, అడ్డం నాలుగు గీతలు నిలువు మూడు గీతలు, మొత్తం ఏడు గీతలతో పన్నెండు బటన్లు నడుస్తయి, బటన్ నొక్కితే ఒక అడ్డగీత ఒక నిలువుగీత కలుస్తయి, ఏవి రెండు కలిశాయో చూసి ఏ అంకో చిప్పు పోల్చుకుంటది. అందుకని ఒక నిలువు గీతకి తుప్పు పట్టినా, దాని టంకం వదులైనా ఆ వరస నాలుగూ ఒకేసారి సతాయిస్తయి, పక్కవి బాగుంటయి. నీ కేసు అచ్చం అట్నే ఉంది.

కానీ ఆగు. ఇంకో దారి కూడా ఉంది. చాలామంది పెద్దోళ్ళు గుర్తుండాలని పెట్టుకునే కోడ్ ఏంటో తెలుసా, పైనుంచి కిందకి జర్రున వేలు జార్చితే వచ్చేదే. మీ నాయన పెట్టిన కోడ్ అదేనా? ఇక్కడ చెప్పబాక! చెప్పొద్దు! నీ మనసులో అనుకో చాలు. అదే అయితే ఏళ్ళ తరబడి రోజూ అవే నాలుగు నొక్కీ నొక్కీ రబ్బరు బటన్ కింద ఉండే నల్ల కార్బన్ బొట్టు అరిగిపోయుంటది, గీత బాగానే ఉంటది. రెండిటికీ తేడా ఎట్టా తెలుస్తదంటే, కాస్త గట్టిగా అదిమి నొక్కితే పలికితే అరుగుదల. ఎంత అదిమినా ఒక్కోసారి పలికి ఒక్కోసారి పలక్కపోతే, అదీ నాలుగూ ఒకేసారి బాగుపడి ఒకేసారి చెడిపోతా ఉంటే అది గీత లేదా కనెక్టర్. పరీక్ష పెట్టి చూడు.

ఇంకోటి, అరిగిన బటన్లు దొంగకి కూడా కనపడతయి. ఏ నాలుగో తెలిస్తే వాటిని తిప్పి తిప్పి కొట్టడానికి 24 రకాలే ఉంటయి, పదివేలు కాదు. కొన్ని తప్పులకే కీప్యాడ్ లాక్ అయ్యే సెట్టింగు చాలా ప్యానెళ్ళలో ఉంటది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకో.

కావలి_వైర్‌మ్యాన్:
పెద్దాయనా మీరు చెప్పింది కరెక్టే కానీ వోల్టేజ్ తక్కువైతే కూడా బటన్లు పిచ్చి పిచ్చిగా చేస్తయి, ఆ చిప్పు తనకి తానే రీసెట్ అవుతా ఉంటది. అందుకే ముందు వోల్టులు అన్నా.

ఒంగోలు_పాతరేడియో:
వోల్టేజ్ తగ్గితే అన్ని బటన్లూ పిచ్చిగా చేయాల కదయ్యా, ఒక్క నడిమి వరసే ఎందుకు చేస్తది? 1కి 3కి లేని రోగం 2కి ఎట్టా వచ్చింది?

కందుకూరు_సుజాత:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా ఇంట్లో ఇట్నే వానాకాలంలో కీప్యాడ్ పిచ్చి పట్టినట్టు దానికదే బీప్ కొడతా ఉంటే మా ఆయన విప్పి చూశారు, లోపల అంతా చీమలు, వాటి గుడ్లు, మట్టి. గేటు దగ్గర్నుంచి వచ్చే పైపు నేరుగా కీప్యాడ్ వెనక్కి వస్తది కదా, దాంట్లోంచి ఎక్కి వచ్చాయి. వాన పడితే నేలలో నీళ్ళకి అవి పైకి వస్తయి, పైగా ఆ పైపులోంచే చెమ్మ గాలి కూడా. పెయింట్ బ్రష్‌తో దులిపి, పైపు నోటికి సిలికాన్ కొట్టాం, అంతే. చీమల మందు మాత్రం లోపల చల్లకండి, పౌడర్ చెమ్మ పీల్చి ఇంకా తుప్పు పట్టిస్తది. ముందు విప్పి చూడండి, విప్పకుండా ఏమీ తెలియదు.

మైపాడురోడ్డు:
అందరికీ థాంక్స్. అటక ఎక్కా, పావురాల ఈకలు, నాయన దాచిన పాత పంచాంగాలు, వాటి మధ్య ప్యానెల్. అంకెలు ఇవిగో.

కరెంట్ ఉన్నప్పుడు ప్యానెల్ కాడ 13.6, కీప్యాడ్ కాడ 12.1.
ఎంసీబీ ఆపినాక పది నిమిషాలకి ప్యానెల్ కాడ 10.8, కీప్యాడ్ కాడ 9.2, అప్పుడే కూత మొదలైంది.

బ్యాటరీ పక్కలు ఉబ్బి ఉండాయి, ప్లస్ టెర్మినల్ కాడ తెల్లగా ఉప్పు పట్టినట్టు ఉంది. కీప్యాడ్ వెనక చీమలు లేవు అక్కా, ఒక బల్లి గుడ్డు పెంకు మాత్రం ఉంది. పెద్దాయన చెప్పిన పరీక్ష కూడా చేశా, గట్టిగా అదిమినా తేడా లేదు, నాలుగూ కలిసే పలుకుతుండాయి కలిసే మానేస్తుండాయి, 0 ఒక్కటి మాత్రం మిగతా మూడు బాగున్నప్పుడు కూడా అదిమితేనే వస్తది. కోడ్ సంగతి నన్ను అడగొద్దు, మార్చేశాం.

కావలి_వైర్‌మ్యాన్:
బ్యాటరీ ఉబ్బిందంటే అయిపోయింది, మాట్లాడేదేం లేదు. దాన్ని అట్నే ఛార్జింగ్‌లో ఉంచబాక, ఈ రోజే తీసెయ్. బాగున్న బ్యాటరీ అయితే కరెంట్ పోయిన పది నిమిషాలకి 12 పైనే ఉంటది, నీది 10.8కి పడింది.

రెండోది నాకు ఇంకా నచ్చింది, ప్యానెల్‌కి కీప్యాడ్‌కి మధ్య 1.5 వోల్టులు యాడికి పోయింది? లెక్క చూడు, కీప్యాడ్ లైటు వెలిగి ఉన్నప్పుడు సుమారు 100 మిల్లీ ఆంపులు లాగుద్ది అనుకో, 1.5 వోల్టు పోవాలంటే దారిలో 15 ఓములు అడ్డం ఉండాల. మీ అటక నుంచి వాకిలికి ఎంత, 20 మీటర్లా? సన్నపు టెలిఫోన్ వైరు, 0.4 ఎంఎంది వేసినా రాను పోను 40 మీటర్లకి ఐదున్నర ఓములు మించదు. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు అయితే ఇంకొంచెం ఎక్కువ. అయినా 15 రాదు. అంటే మధ్యలో ఎక్కడో జాయింట్ ఉంది, చిలుము పట్టి ఉంది. సముద్రం గాలికి మన వైపు ఇది మామూలే, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల కాడ తీరం దాటినాక నాకు వచ్చిన ఫోన్లు సగం ఇవే, వైరు మెలేసి నల్ల టేపు చుట్టి గోడలో దూర్చిన జాయింట్లు. టేపు లోపల నీళ్ళు చేరితే బయటికి పోవు.

కీప్యాడ్‌ని ఊడదీసి అటక మీదకి తీసుకపో, మూర పొడవు కొత్త వైరుతో నేరుగా ప్యానెల్‌కి కలుపు. ఆడ డిస్‌ప్లే శుభ్రంగా ఉంటే తప్పు మధ్యలో వైరులో ఉన్నట్టు. బటన్లు ఆడ కూడా పలక్కపోతే పెద్దాయన గెలిచినట్టు. వైర్లు కదిపే ముందు ఎంసీబీ ఆపి బ్యాటరీ వైరు కూడా తీసెయ్యాల, కరెంట్ ఒక్కటే తీస్తే బ్యాటరీ మీద సైరన్ మోగుద్ది. కొన్ని సైరన్ పెట్టెల్లో వాటి సొంత బ్యాటరీ ఉంటది, అవి అప్పుడు కూడా అరుస్తయి, దాని సంగతి ముందే చూసుకో. ఇదంతా తీసినా కోడ్‌లు పోవు, మామూలుగా చిప్పులో ఉండిపోతయి, టైము మాత్రం మళ్ళా పెట్టుకోవాల.

శనగలబస్తా:
ఇంత లెక్క ఇంటర్లో చెప్పుంటే నేను ఫిజిక్స్ పాసయ్యేవాణ్ణి

మైపాడురోడ్డు:
జాయింట్ దొరికింది అన్నా. వాకిలి పైన స్విచ్ బోర్డు వెనక, నువ్వు చెప్పినట్టే నల్ల టేపు, విప్పితే జిగురు కారతా ఉంది, వైరు ముట్టుకుంటే పచ్చగా పొడి రాలింది. ఎర్ర వైరైతే రెండు పోగుల మీద వేలాడతా ఉంది. అదే బోర్డులో 230 వైర్లు కూడా ఉండాయి దాంతో మెయిన్ ఆపేసి చేశా. ఇంకా నమ్మలేని సంగతి ఏందంటే కీప్యాడ్‌ని అటక మీద నేరుగా కలిపితే డిస్‌ప్లే కొత్తదాని మాదిరి వెలిగింది, ఆ బటన్లు మాత్రం అట్నే ఉండాయి.

ఒంగోలు_పాతరేడియో:
గెలిచాను కదా. సరే ఇప్పుడు కీప్యాడ్ విప్పు. వెనక మూత తీసి బోర్డు ఊడదీస్తే కింద రబ్బరు షీటు వస్తది, దాని నల్ల బొట్లకి వేలు తగలనీయకు, చేతి జిడ్డు అంటుకుంటది. బోర్డు మీద బటన్ల చోట దువ్వెన పళ్ళ లాగా గీతలుంటయి, నడిమి వరసని కలిపే గీత వెంట కనెక్టర్ దాకా చూసుకుంటా పో, పచ్చగానో నల్లగానో ఎక్కడన్నా కనపడతది. మెడికల్ షాపులో కాక ఎలక్ట్రానిక్స్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని అడుగు, ఐపీఏ అంటే ఇస్తారు, పాత టూత్ బ్రష్‌తో మెల్లగా రుద్దు, ఆరబెట్టు. చేతులకి రాసుకునే శానిటైజర్ వాడొద్దు, దాంట్లో నీళ్ళు, గ్లిజరిన్ కలిపి ఉంటయి, జిగట మిగులుద్ది. గరుకు కాగితం అసలే వద్దు, పూత లేచిపోతే ఆ బోర్డు ఇంక పనికిరాదు. తలుపు కీళ్ళకి కొట్టే నూనె స్ప్రే కూడా వద్దు.

0 సంగతి వేరే, అది నిజంగానే అరిగింది. అందరూ కోడ్ చివర గట్టిగా నొక్కుతారు. ఆ ఒక్క బొట్టు మీద టాబ్లెట్ స్ట్రిప్ వెనక ఉండే రేకు బొట్టంత కత్తిరించి అతి పల్చగా రబ్బరు జిగురుతో అంటించు, మెరిసే వైపు బోర్డుకి ఉండాల, ఆ వైపు రంగు అచ్చు గానీ లక్క గానీ ఉంటే ముందు గీకెయ్యి లేకపోతే కరెంట్ పారదు. టీవీ రిమోట్లకి మేం చేసిన పని ఇదే. కొన్నాళ్ళు వస్తది, శాశ్వతం కాదు.

మైపాడురోడ్డు:
నడిమి గీత కనెక్టర్ పిన్ను కాడ పచ్చగా ఉంది, ఐపీఏతో కడిగి ఆ టంకం మళ్ళా వేయించా (మా పక్క వీధి సెల్‌ఫోన్ షాపు కుర్రోడు వేసిచ్చాడు, టీ డబ్బులు కూడా తీసుకోలా). 2, 5, 8 ఇప్పుడు ముట్టుకుంటే పలుకుతుండాయి. 0కి రేకు పెట్టా, పలుకుద్ది కానీ కొంచెం మొండిగా ఉంది. కొత్త బ్యాటరీ వేశా, కరెంట్ తీసి గంట చూశా, కూత లేదు. జాయింట్‌కి ఏం వాడమంటారు, ఇప్పటికైతే మళ్ళా టేపే చుట్టా.

ఇంకో ప్రశ్న, ఈ కీప్యాడ్‌కి స్పేర్ ఒకటి కొని పెట్టుకోవాలంటే ఏ కంపెనీదైనా పర్లేదా? పెట్టినాయన్ని ఇన్‌స్టాలర్ కోడ్, అంటే ప్యానెల్ సెట్టింగులు మార్చే కోడ్ అడిగితే "అది కస్టమర్లకి ఇవ్వం" అంటుండాడు.

కావలి_వైర్‌మ్యాన్:
టేపు తీసెయ్. టెలిఫోన్ లైన్‌మ్యాన్లు వాడే చిన్న కనెక్టర్లు ఉంటయి, లోపల జెల్ నింపి ఉంటది, వైరు దూర్చి ప్లయర్‌తో నొక్కితే చాలు, చెమ్మ లోపలికి పోదు. అట్టాంటివి నాలుగు. అల్యూమినియం వైరు అయితే మాత్రం ఆ ముక్క మొత్తం మార్చి మంచి రాగి నాలుగు కోర్ల వైరు లాగించు, గోడలో పైపు ఉందిగా, పాత వైరుకి కట్టి లాగితే వస్తది.

కీప్యాడ్ ఏ కంపెనీదైనా అంటే కుదరదు. నాలుగు వైర్లే కదా అని అందరూ అనుకుంటారు, ఆ డేటా వైర్ల మీద ఒక్కో కంపెనీ భాష ఒక్కో రకం. అదే కంపెనీలో కూడా నీ ప్యానెల్‌కి సరిపడే మోడలేనా చూడాల, ప్యానెల్ మూత లోపల రాసి ఉన్న మోడల్ నంబర్ ఫోటో తీసుకో, దాంతో అడుగు. పైగా కొన్నిటికి అడ్రస్ అంటే ప్యానెల్ గుర్తుపట్టే నంబర్ పెట్టాల, హనీవెల్ విస్టా రకం ప్యానెళ్ళలో మొదటి కీప్యాడ్ అడ్రస్ 16, అది తప్పు పెడితే కొత్త కీప్యాడ్ కూడా చచ్చినట్టే కనపడతది, జనం అది కూడా పాడైందనుకుని వెనక్కి పంపుతారు. కీప్యాడ్ అడ్రస్ మార్చడం మామూలుగా ఆ కీప్యాడ్ మీదే చేయొచ్చు. ప్యానెల్‌లో దాన్ని ఆన్ చేయాల్సి వస్తే అప్పుడు ఇన్‌స్టాలర్ కోడ్ కావాల.

కోడ్ ఇవ్వననడం నాకు నచ్చదు. సామాను నీది, డబ్బులు మీ నాయన కట్టాడు. నెల నెలా డబ్బు కట్టి వాళ్ళ దగ్గర మానిటరింగ్ ఉంటే అది వేరే సంగతి, నీకు అది లేదుగా. వాట్సాప్‌లో మర్యాదగా రాసి అడుగు, రాతలో అడిగితే చాలామంది ఇచ్చేస్తారు. ఇవ్వకపోతే చాలా ప్యానెళ్ళని ఫ్యాక్టరీ సెట్టింగుకి తేవచ్చు కానీ జోన్లన్నీ, అంటే ఏ వైరు ఏ తలుపుదో ఏ సెన్సారుదో మళ్ళా రాయాల, పైగా పెట్టినోడు లాకౌట్ అంటే రీసెట్ కాకుండా అడ్డు పెట్టి ఉంటే అది కూడా కుదరదు, ప్యానెల్ బోర్డే మార్చుకోవాల. అందుకని గొడవ పడకుండా తీసుకో.

కందుకూరు_సుజాత:
ఆ పైపు నోరు మూశారా? బల్లి గుడ్డు పెట్టిందంటే దారి తెరిచే ఉంది.

మైపాడురోడ్డు:
సిలికాన్ తెచ్చా అక్కా, రేపు కొడతా. పాత బ్యాటరీ ఏం చేయాల, చెత్తబండికి వేయొచ్చా?

కావలి_వైర్‌మ్యాన్:
వేయబాక, లోపల సీసం యాసిడ్ ఉంటయి. కొత్తది కొన్న షాపుకే ఇవ్వు, మామూలుగా తీసుకుంటారు, రెండు కిలోల పైన తూగుద్ది, తూకం లెక్కన ఎంతో కొంత ఇస్తారు కూడా. ఉబ్బింది కాబట్టి సంచీలో వేసి నిలబెట్టి తీసుకపో, బండి డిక్కీలో పడేయబాక.